తడి కారు, మెత్తని గుడ్డ: గీత ఎక్కడ పడుతోంది?

నల్ల కారును కడిగి, తుడిచి, ఎండలో నిలబెట్టి చూడండి. బానెట్ మీద సూర్యుడు మెరిసే చోట, ఆ మెరుపు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు వలయాలు వలయాలుగా కనిపిస్తాయి. నీడలో ఉన్నంతసేపూ వాటి జాడే ఉండదు. బండిని ఎవరూ గీరలేదు, దేనికీ రాసుకోలేదు. వారం వారం శ్రద్ధగా కడిగి తుడిచారంతే.

వలయాలు చూడగానే ఎవరికైనా తోచేది ఒకటే: గుడ్డను గుండ్రంగా తిప్పి తుడిచారు కాబట్టి గీతలు గుండ్రంగా పడ్డాయని. ఇది కంటి భ్రమ. గీతలు అన్ని దిక్కులకూ చిందరవందరగా పడి ఉంటాయి. ఒక్కో గీత ఒక సన్నని గాడి. వెలుగు వచ్చే దిశకు అడ్డంగా ఉన్న గాడి అంచు మాత్రమే ఆ వెలుగును మన కంటి వైపు తిప్పుతుంది, మిగతావి కనబడవు. దీపం చుట్టూ అలా అడ్డంగా పడిన చిన్నచిన్న ముక్కలన్నీ కలిసి వలయంలా అనిపిస్తాయి. తల ఓ పక్కకు జరిపితే వలయాలూ జరుగుతాయి, గీతలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. తోమితోమి అరిగిన స్టీలు గిన్నె అడుగున బల్బు వెలుగులో కనిపించేదీ ఇదే.

'నిలువుగా తుడవాలి, గుండ్రంగా తుడవకూడదు' అన్న సలహాలో నిజం ఎంతో దీన్నిబట్టి తేలిపోతుంది. నిలువుగా తుడిచినంత మాత్రాన గీత పడకుండా పోదు. పడినవన్నీ ఒకే దిక్కుకు ఉండటం వల్ల ఒకటి రెండు కోణాల నుంచే కనిపిస్తాయి, అంతే. గీతను దాచే చిట్కాగా అది పనికొస్తుంది. గీత పడకుండా చూడాలంటే అది అసలు దేనివల్ల పడుతోందో తెలియాలి.

అర వెంట్రుక మందం

కారు రంగు ఒకే పొర కాదు. లోహం మీద తుప్పు పట్టకుండా ఒక పొర, దాని మీద ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికీ పైన పారదర్శకంగా ఉండే క్లియర్‌కోట్. మనం చేత్తో తాకేది ఈ చివరి పొరనే. కంపెనీలో వేసిన పెయింటు మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల దాకా ఉంటుంది. అందులో క్లియర్‌కోట్ వాటా 40, 50 మైక్రాన్లు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లనుకుంటే, కారు మెరుపంతా అర వెంట్రుకకు కాస్త ఎక్కువ మందంలో ఉందన్నమాట. ఎండలోని అతినీల లోహిత కిరణాలకు రంగు వెలిసిపోకుండా కాపాడేదీ ఆ పొరే.

గీతలు పడితే పాలిష్ పట్టిస్తే పోతాయి కదా అని ఒక ధీమా ఉంటుంది. పోతాయి. ఎలా పోతాయంటే, గీత లోతు వరకూ చుట్టుపక్కల ఉన్న క్లియర్‌కోట్‌ను కూడా అరగదీసి చదును చేస్తారు. ప్రతిసారీ కొన్ని మైక్రాన్లు తరిగిపోతాయి. తరిగింది మళ్లీ రాదు. ఉన్న ఆస్తి 40 మైక్రాన్లయినప్పుడు ఏడాదికోసారి గట్టిగా పాలిష్ పట్టించడమంటే పెట్టుబడిలోంచి తీసి తినడమే.

మరి ఆ పొరను గీసేదెవరు? అందరి వేలూ గుడ్డ వైపే చూపిస్తుంది. ఖనిజాల గట్టిదనానికి ఫ్రెడరిక్ మోస్ 1812లో ఒక కొలమానం చేశాడు. అందులో అన్నిటికన్నా మెత్తనిదైన టాల్క్‌ది 1, వజ్రానిది 10. ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్‌ది 7. కిటికీ అద్దం దాదాపు 5.5. క్లియర్‌కోట్ గట్టిదనాన్ని ఈ లెక్కలో కొలవరు కూడా. అదొక ప్లాస్టిక్ జాతి పదార్థం కాబట్టి పెన్సిళ్లతో గీసి చూస్తారు. ఏ పెన్సిలు ములుకుకు గీత పడుతుందో అదే దాని హద్దు. పెన్సిలుతో తేలిపోయే పొర మీద అద్దాన్ని సైతం గీయగల ఇసుక రేణువును పెట్టి, పైన గుడ్డ వేసి, అరచేత్తో ఒత్తి లాగితే ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కర్లేదు. పాలియెస్టర్ పోగుకు ఒంటరిగా అంత బలం లేదు. పోగుకూ పెయింటుకూ మధ్య ఇరుక్కున్న రేణువే గీత గీస్తుంది. ఆ రేణువును అదిమిపట్టి నడిపించే పని గుడ్డది.

క్లియర్‌కోట్ మీద రక్షణ కోసం వేయించే సెరామిక్ కోటింగుల ప్రచారంలో తరచూ వినిపించే '9హెచ్ గట్టిదనం' సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆ 9 పెన్సిళ్ల వరసలోది. మోస్ కొలమానంలో 9 అంటే కురువిందం, అంటే కెంపు, నీలం జాతి రాయి. రెండింటికీ పేరులో అంకె తప్ప పోలిక లేదు. కోటింగ్ వేయించాం కదా, ఇక ఎలా తుడిచినా ఫర్వాలేదనుకుని మోసపోయేవారు చాలామందే ఉన్నారు.

కడిగేటప్పటి కన్నా తుడిచేటప్పుడే ఎందుకు?

కడుగుతున్నంతసేపూ పెయింటుకూ చేతికీ మధ్య సబ్బునురగ ఉంటుంది. నూనె రాసిన ఇరుసులా అన్నీ జారిపోతుంటాయి. ఓ రేణువు మిగిలినా నురగలో తేలి పక్కకు తప్పుకునే అవకాశం ఉంది. చివర్లో మంచినీళ్లతో కడిగేయగానే ఆ జారుడు కూడా నీళ్లతో పాటే పోతుంది. మిగిలేది పలుచని నీటిపొర. దాని మీద గుడ్డ పరిచి లాగితే మొదట జారినట్టే ఉంటుంది. గుడ్డ నీటిని పీల్చేకొద్దీ పొర ఇంకా పలుచనై, గుడ్డ పెయింటుకు అతుక్కోవడం మొదలవుతుంది. చెమ్మ తగిలిన అద్దం మీద వేలు లాగితే కీచుమంటుంది చూశారా, అదే బిగింపు ఇది. ఆ బిగింపును అధిగమించడానికి చెయ్యి తనకు తెలియకుండానే బలం పెంచుతుంది.

దీనికి మనసు చేసే మోసం తోడవుతుంది. కడిగేశాం కదా, ఇక మురికి లేదన్న నమ్మకంతో జాగ్రత్త సడలుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, ఎక్కడో ఒక చుక్క మొండిగా మిగిలితే దాని మీద నాలుగుసార్లు రుద్దుతుంది. నిజానికి చేత్తో ఎంత బాగా కడిగినా డోరు కింది భాగంలో, చక్రాల వెనక, వెనక బంపరు మీద, నంబరు ప్లేటు చుట్టూ కొంత మట్టి మిగులుతూనే ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు అది కంటికి ఆనదు. తెల్ల గుడ్డతో తుడిచేవారికి ఈ విషయం వెంటనే తెలిసిపోతుంది. ముదురు రంగు గుడ్డ వాడేవారికి ఎప్పటికీ తెలియదు. తుడవడానికి లేత రంగు గుడ్డే మంచిదనడానికి ఈ ఒక్క కారణం చాలు.

గుడ్డ మీద బూడిద రంగు చార కనిపించిందంటే తప్పు తుడవడంలో జరగలేదు, కడగడంలోనే జరిగింది. అప్పుడు చేయాల్సింది గుడ్డ మార్చడం కాదు. ఆ భాగాన్ని మళ్లీ నురగతో కడగడం. ఇది ఎంతమంది చేస్తారంటే, చాలా తక్కువ మంది. గుడ్డ మడత తిప్పి అలాగే కానిచ్చేస్తారు.

తుడవకుండా వదిలేస్తే?

తాకితే గీత పడుతుంది కాబట్టి దాని మానాన దాన్ని ఆరనివ్వడమే మేలని కొందరి వాదన. వినడానికి బాగానే ఉంటుంది. నీరు ఒక్కటే ఆరిపోతే ఏ గొడవా లేదు, నీటిలో కరిగి ఉన్నవి ఆరిపోవు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న నీటిని కఠిన జలం అంటాం. బకెట్ల అంచుకు, గీజరు లోపల గారపట్టేది ఆ నీటితోనే. లీటరుకు 180 మిల్లీగ్రాములు దాటితే దాన్ని బాగా కఠినమైన నీటి కింద లెక్కేస్తారు. కారు మీద అర లీటరు నీళ్లు మిగిలాయనుకుందాం, ఆ నీటిలో లీటరుకు 400 మిల్లీగ్రాముల లవణాలున్నాయనుకుందాం. ఆరాక పెయింటు మీద మిగిలేది 200 మిల్లీగ్రాముల తెల్లపొడి. చిటికెడే. అది బండంతా సమంగా పరుచుకుంటే ఎవరి కంటా పడదు కూడా.

సమంగా పరుచుకోదు, అదే చిక్కు. బల్ల మీద ఒలికిన కాఫీ చుక్క ఆరాక మధ్యలో లేతగా, అంచున ముదురుగా మరక మిగులుతుంది. ఎందుకలా అన్నది షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ డీగన్ బృందం 1997లో 'నేచర్' పత్రికలో వివరించింది. చుక్క అంచు ఉపరితలానికి అతుక్కుని కదలకుండా ఉంటుంది. అంచున నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు అంచు వైపు పారుతూ తనలో ఉన్నదంతా అక్కడికి మోసుకెళ్లి పోస్తుంది. కారు మీది నీటి మచ్చలు వలయాల్లా ఉండటం వెనక ఉన్నదీ ఇలాంటి తంతే. వందల చుక్కలు, ఒక్కోదానికి ఒక్కో తెల్లని వలయం.

నీటిలో బైకార్బొనేటుగా కరిగి ఉన్న కాల్షియం, నీరు ఆవిరయ్యేకొద్దీ కార్బన్ డయాక్సైడును వదిలేసి కాల్షియం కార్బొనేటుగా గట్టిపడుతుంది. అంటే సున్నపురాయి. తాజాగా ఉన్నప్పుడు తడిగుడ్డకే వస్తుంది, లేదంటే సగానికి సగం నీళ్లు కలిపిన తెల్ల వెనిగర్‌కు కరుగుతుంది. కరిగాక నీళ్లతో బాగా కడిగేయాలి. అలాగే వదిలేసి రోజుల తరబడి ఎండలో కాలనిస్తే మాత్రం మచ్చ అంచు క్లియర్‌కోట్‌లోకి దిగి చిన్న గుంటలా మిగిలిపోతుంది. అప్పుడిక పాలిష్ తప్ప దారి లేదు. ముదురు రంగు బండి ఎండలో ఉంటే పైభాగం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. ఆ వేడిలో చుక్క నిమిషాల్లో ఆరిపోయి మచ్చ బిగుసుకుంటుంది.

ఇటు తుడిస్తే గీత, అటు వదిలేస్తే మచ్చ. రెండింట్లో ఏది నయం? తప్పనిసరై ఒకటి ఎంచుకోవాల్సి వస్తే మచ్చే నయం. తొందరగా గమనిస్తే దానికి రసాయనంతో విరుగుడు ఉంది, క్లియర్‌కోట్ తరగదు. గీతకు అలాంటి విరుగుడు లేదు. నిస్సాన్ సంస్థ 2005 చివర్లో నిప్పాన్ పెయింట్‌తో కలిసి సన్నని గీతలు వాటంతటవే పూడుకునే క్లియర్‌కోట్ తెచ్చింది. వెచ్చదనానికి ఆ పొర మెల్లగా మళ్లీ చదునవుతుంది. అలాంటి పొరలు ఆ తర్వాత వేరే చోట్లా వచ్చాయి గానీ, రోడ్ల మీద తిరిగే బండ్లలో అత్యధికం మామూలు క్లియర్‌కోట్‌వే. అయితే ఈ ఎంపిక చాలాసార్లు తప్పించుకోవచ్చు. చెయ్యి పడకముందే నీటిని ఎంత దింపేయగలం అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది.

నీటిని నీటితోనే దింపడం

గొట్టం మూతికి పెట్టిన స్ప్రే గన్ తీసేయాలి. జల్లులా పడే నీరు లక్ష చుక్కలుగా చితికి, ఆ చుక్కలన్నీ బండి మీదే నిలుస్తాయి. ఉత్త గొట్టం నుంచి నెమ్మదిగా, ఒకే ధారగా పారే నీటిని రూఫు నడుమ వదిలితే వేరే దృశ్యం కనిపిస్తుంది. ధార పరుచుకుంటూ దుప్పటిలా అంచు వైపు జారుతుంది. దారిలో ఉన్న చుక్కలన్నిటినీ తనలో కలుపుకుంటుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి లాక్కునే గుణమే దీనికి మూలం; విడిచుక్కగా కదలలేనిది, పెద్ద పొరలో కలిసిపోతే బరువుకు జారిపోతుంది. గొట్టాన్ని పెయింటుకు తగలనీయకుండా కాస్త ఎత్తులో పట్టుకుని, రూఫు, ముందు అద్దం, బానెట్, డిక్కీ, తర్వాత పక్కలు, ఇలా పైనుంచి కిందికి నడిపించాలి. తొందరపడితే దుప్పటి చిరిగి మళ్లీ చుక్కలు మిగులుతాయి. బాగా కుదిరితే పక్క డోర్ల మీద దాదాపు ఏమీ మిగలదు.

మైనం గానీ కోటింగ్ గానీ ఉన్న బండి మీద ఈ పద్ధతి ఇంకా బాగా పనిచేస్తుంది. అలాంటి ఉపరితలం నీటికి పట్టు ఇవ్వదు. చుక్క ముత్యంలా గుండ్రమై నిలబడుతుంది. చుక్క అంచు ఉపరితలంతో చేసే కోణం 90 డిగ్రీలు దాటితే దాన్ని నీటిని విదిలించే ఉపరితలం అంటారు. ముత్యాల్లాంటి చుక్కల్ని ఫొటో తీసి మురిసిపోవడం ఈమధ్య ఒక సరదా. చూడ్డానికి ముచ్చటే. ఏటవాలుగా ఉన్న చోట ఆ ముత్యాలు దొర్లిపోతాయి కూడా. చదునుగా ఉన్న రూఫు మీద మాత్రం అవి కదలవు, ఒక్కో ముత్యమూ తన లవణాలన్నీ చిన్న జాగాలో పోగేసి ఒక గట్టి మచ్చ వదిలి పోతుంది. పాతబడిన పెయింటు మీద పలుచగా పరుచుకున్న నీరు వదిలేది వెడల్పాటి లేత మరక. కాబట్టి కోటింగ్ ఉంటే ఆరబెట్టే పని తప్పిపోతుందనుకోవడం పొరపాటు. పని సులువవుతుంది, చేయకపోతే శిక్షా పెరుగుతుంది.

లవణాలే లేని నీటితో చివరిసారి కడిగితే? అన్నిటికన్నా తేలికైన దారి అదే. రెజిన్ గుళికలు నింపిన గొట్టంలోంచి నీటిని పంపితే కాల్షియం, మెగ్నీషియం, సోడియం, క్లోరైడు అన్నీ రెజిన్‌కు పట్టుకుపోయి డీఅయనైజ్డ్ నీరు వస్తుంది. నీటిలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటరులో అంకె సున్నా దగ్గర ఉంటుంది. ఆ నీటితో కడిగిన బండిని నీడలో వదిలేసినా మచ్చ పడదు. ఇంట్లో వాడే వాటర్ సాఫ్ట్‌నర్ ఇదే పని చేస్తుందనుకుంటారు, చేయదు. అది కాల్షియం స్థానంలో సోడియం పెడుతుంది. మొత్తం లవణాల బరువు పెద్దగా తగ్గదు, మచ్చలూ ఆగవు. మేలల్లా ఏమిటంటే సోడియం మచ్చ నీటికే కరిగిపోతుంది, సున్నంలా మొండికేయదు.

ఆ తర్వాత గాలి. ఆకులు ఊదే బ్లోయర్ గానీ, కార్ల కోసమే చేసిన వేడిగాలి బ్లోయర్ గానీ ఉంటే, గుడ్డ ఎప్పటికీ చేరలేని నీరు బయటికి వస్తుంది. సైడ్ మిర్రర్ అద్దం వెనక, డోరు హ్యాండిల్ లోపల, కంపెనీ గుర్తు అక్షరాల సందుల్లో, పెట్రోలు మూత చుట్టూ, హెడ్‌లైట్ల అంచున, గ్రిల్లులో, చక్రాల బోల్టు గుంతల్లో, నంబరు ప్లేటు వెనక దాక్కునే నీరు అది. గాలిని నిటారుగా కొట్టకుండా ఏటవాలుగా పెట్టి, నీటి అంచును తరుముతున్నట్టు ఒకే దిక్కుకు తోసుకుంటూ పోవాలి. జాగ్రత్త పడాల్సింది నేల విషయంలో. మట్టి నేల మీద బ్లోయర్ వాడితే లేచిన దుమ్మంతా తడి పెయింటుకు అంటుకుని, చేసిందంతా నీళ్లపాలవుతుంది. మెకానిక్ షెడ్డు కంప్రెసరు గాలిలో నూనె తుంపరలు ఉండొచ్చు, అది ఈ పనికి వద్దు.

బండిని వేగంగా నడిపితే గాలికి ఆరిపోతుందన్నది ఇంకో మాట. నీరు పోతుంది నిజమే. దారిలో లేచిన దుమ్ము ఆ తడికి అంటుకుంటుంది, ఇంటికొచ్చాక దాన్ని పొడిగుడ్డతో తుడుస్తారు. ఇంతకు మించిన గీతల పద్ధతి ఇంకోటి లేదు. బ్రేకు డిస్కుల తడి పోవడానికి నాలుగు అడుగులు నడపడం మాత్రం మంచిదే, అదీ బండి ఆరాక.

ఇక గుడ్డ

గాలీ ధారా కలిసి తొంభై పాళ్లు దింపేశాక మిగిలిన కాస్తకే గుడ్డ కావాలి.

పాతకాలం నుంచీ ఈ పనికి పేరున్నది షామీ తోలు. యూరప్ పర్వతాల్లో తిరిగే షామ్వా అనే మేకజాతి జంతువు తోలుతో చేసేవారు కాబట్టి ఆ పేరు. ఇప్పుడు దొరికేది ఎక్కువగా చేపనూనెతో పదును చేసిన గొర్రె తోలు. నీటిని బాగా పీలుస్తుంది, చార మిగల్చదు. లోపమల్లా ముఖం నున్నగా ఉండటమే. రేణువు తగిలితే దాక్కోవడానికి పోగుల మధ్య చోటు లేదు, తోలుకూ పెయింటుకూ మధ్యే నలుగుతుంది. డబ్బాల్లో దొరికే కృత్రిమ షామీకీ, నీటిని గీకేసే రబ్బరు పలకకూ ఇదే జబ్బు. పలక ఒక్క లాగుతో చాలా నీరు దింపేస్తుంది, ఒక్క ఇసుక రేణువు దాని అంచున పడితే అంతే నిడివి గీత గీస్తుంది. అద్దాల మీద వాడుకోండి, పెయింటు మీద వద్దు.

మైక్రోఫైబర్ దీన్ని వేరే రకంగా పరిష్కరించింది. నూలు సన్నదనాన్ని డెనియర్లలో కొలుస్తారు: 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. పట్టుపోగు ఒకటి, ఒకటిన్నర మధ్య ఉంటుంది. ఒకటి కన్నా తక్కువ తూగేదాన్ని మైక్రోఫైబర్ అంటారు. జపాన్‌లోని టోరే సంస్థలో మియోషి ఒకమోటో 1970లో అల్ట్రాస్వేడ్ అనే కృత్రిమ స్వేడ్ గుడ్డను తయారుచేయడంతో ఇలాంటి అతిసన్నని పోగులకు దారి పడింది. తుడిచే గుడ్డల్లో పాలియెస్టర్, పాలియమైడ్ కలిపిన పోగును నిలువునా చీలుస్తారు. చీలికల మధ్య ఏర్పడే సన్నని సందులు నీటిని దీపపు వత్తి నూనె పీల్చినట్టు పీలుస్తాయి. ఆ పోగుల లోతే రేణువుకు పెయింటు నుంచి దూరంగా దాక్కునే చోటు కూడా.

గుడ్డ మందాన్ని జీఎస్‌ఎంలో చెబుతారు, చదరపు మీటరు ఎన్ని గ్రాములుందో. పెద్ద అంకె ఉంటే మంచి గుడ్డ అని అర్థం కాదు. మెలిపెట్టిన పోగులతో తాళ్లలా కనిపించే గుడ్డ ఎక్కువ నీటిని తాగుతుంది, ఒక్క గుడ్డే బండంతటికీ సరిపోతుంది. తడిశాక బరువెక్కి ఈడ్చడం కష్టమవుతుంది. గళ్ల నేతవి తేలిగ్గా ఉంటాయి, అద్దాలకు భేషుగ్గా ఉంటాయి. బొచ్చు గుడ్డలు మెత్తన, కానీ నీరు త్వరగా నిండిపోతుంది. వీటన్నిటికన్నా ముందు చూడాల్సింది అంచు. గట్టి దారంతో కుట్టిన అంచూ, ప్లాస్టిక్ లేబులూ గుడ్డ ఎంత మెత్తగా ఉన్నా పెయింటుకు తగిలేవే. లేబులు కత్తిరించి పారేయండి.

గుడ్డ అనుమానాస్పదంగా ఉంటే పాత సీడీ ఒకటి తీసుకుని, మెరిసే వైపు దాంతో గట్టిగా రుద్ది వెలుతురులో చూడొచ్చు. ఆ ప్లాస్టిక్ త్వరగా గీతలు పడే రకం. పాత తువ్వాలుకు అది వెంటనే తేలిపోతుంది. మంచి గుడ్డతో రుద్దినా గీతలు పడితే, ఆ గుడ్డలో ఏదో ఇరుక్కుని ఉందన్నమాట.

వాడే తీరు చూద్దాం. గుడ్డను రెండు చేతులతో పట్టుకుని బానెట్ మీద పూర్తిగా పరచాలి. ఏమీ ఒత్తకుండా మూడు నాలుగు సెకన్లు అలా ఉంచితే గుడ్డలో కిందినుంచి పైకి తడి ముదురు రంగులో పాకడం కనిపిస్తుంది. తర్వాత దగ్గరి అంచును రెండు మూలలా పట్టుకుని తనవైపు నెమ్మదిగా లాక్కోవాలి. లాగే బలం తప్ప ఒత్తే బలం ఉండకూడదు. గుడ్డ సొంత బరువే చాలు. గుడ్డ వెనక ఒక పలుచని చెమ్మ గీత మిగులుతుంది, అది కళ్ల ముందే ఆరిపోతుంది, దాని వెంటపడక్కర్లేదు. పక్క డోర్లకు గుడ్డను నాలుగు మడతలు పెట్టి, తుడవడం మాని అద్దాలి, దెబ్బ మీది నీటిని దూదితో అద్దినట్టు. ఒక ముఖం తడిస్తే ఇంకో ముఖం తిప్పుకోవాలి. డోరు నడిమి గీతకు కిందున్న భాగానికీ, బంపర్ల అడుగుకూ వేరే గుడ్డ ఉండాలి, అది ఎప్పటికీ పైకి రాకూడదు. చక్రాలకు పాతబడిన గుడ్డ ఏదైనా ఫర్వాలేదు. గుడ్డ నేలమీద పడితే ఆ పూటకు దాని పని అయిపోయినట్టే, దులిపి మళ్లీ వాడటం తెలిసి చేసే తప్పు.

కడిగేసరికి పోయిన జారుడును కొంత తిరిగి తెచ్చుకునే ఉపాయం ఒకటుంది. తడి పెయింటు మీద స్ప్రే మైనం గానీ, పెయింటును మెరిపించడానికి వాడే క్విక్ డీటెయిలర్ అనే ద్రవం గానీ ఒకటి రెండు పిచికారీలు కొట్టి, దాని మీద గుడ్డ పరిచి లాగితే ఆ కీచుమనే బిగింపు ఉండదు. చేతికే తేడా తెలుస్తుంది. ఎక్కువ కొడితే చారలు పడతాయి, వేడి పెయింటు మీద కొడితే మరకలు. గుడ్డల్లో ఖరీదైనదాని కోసం వెతికేవారు అందులో సగం ఖర్చు ఈ సీసా మీద పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది.

గుడ్డల్ని ఉతకడం దగ్గరే చాలామంది చేసిందంతా చెడగొట్టుకుంటారు. ఇంట్లో బట్టలతో కలిపి వేస్తే నూలు బట్టల పీచు మైక్రోఫైబర్ పోగుల్లో చిక్కుకుంటుంది. ఫ్యాబ్రిక్ కండిషనరు పోగుల మీద కొవ్వులాంటి పొర కప్పేస్తుంది. గుడ్డ చేతికి పట్టులా తగులుతుంది, నీటిని మాత్రం ముందుకు తోస్తుందే తప్ప పీల్చదు. ద్రవ డిటర్జెంటు, గోరువెచ్చని నీళ్లు, విడిగా ఉతుకు, నీడలో ఆరబెట్టడం, మూతపెట్టిన డబ్బాలో దాచడం. కొత్త గుడ్డనైనా ఒకసారి ఉతికే వాడాలి, పీచు రాలిపోతుంది.

అన్నీ అయ్యాక, డోర్లూ డిక్కీ తెరిచి అంచుల్లో మిగిలిన నీటిని పాత గుడ్డతో తీసేసి, బండిని వీధి చివరిదాకా నడిపి తెస్తే, సైడ్ మిర్రర్ కింద నుంచి డోరు మీదికి ఒక సన్నని నీటిచార దిగి ఉంటుంది. ఎంత ఊదినా మిర్రర్ లోపల ఒక చెంచాడు నీళ్లు మిగిలే ఉంటాయి, కదలికకు బయటికొస్తాయి. అప్పటికే డోరు మీద దారి దుమ్ము పలుచగా పడి ఉంటుంది. చేతిలోని పొడిగుడ్డతో ఆ చారను చటుక్కున తుడిచేయబుద్ధవుతుంది. శుభ్రమైన గుడ్డ కొసను క్విక్ డీటెయిలర్‌తో తడిపి, చార మీద అద్ది, ఎత్తేస్తే చాలు. ఆ మిర్రర్ కింద మడిచిన గుడ్డముక్క ఒకటి పది నిమిషాలు ఇరికించి ఉంచితే రెండో చార రాదు.